ఓడలో మెనూ మారిపోయింది, కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న (తెనాలి నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు, ఉత్తరం పెద్దది కాబట్టి కుదించాను): 2024 మే 20న సింగపూర్‌లో ఓడ ఎక్కి నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్ళాం, ఏడుగురం. విజయవాడలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ బుక్ చేసింది, ఫ్లైట్లతో కలిపి 6.40 లక్షలు. మా అమ్మగారికి 74, షుగర్ ఉంది, ఉల్లి వెల్లుల్లి ముట్టదు. ఏజెన్సీ పంపిన కొటేషన్ పీడీఎఫ్‌లో "ప్రతి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో ఇండియన్ వెజ్ డిన్నర్, ఉల్లి వెల్లుల్లి లేకుండా, గ్యారంటీ" అని ఉంది. తీరా వెళ్తే డైనింగ్ రూమ్‌లో మెనూ మారిపోయింది, రోజుకో థీమ్ పెట్టాం, ఆ ఇండియన్ ఐటమ్స్ ఇప్పుడు లేవు అన్నారు. మొదటి రాత్రి అమ్మ బన్ను, పుచ్చకాయ ముక్కలు తిని పడుకుంది. ఏజెన్సీ వాడు ఇన్నాళ్ళూ చూస్తాం చేస్తాం అని తిప్పుతున్నాడు. ఓడ కంపెనీ మీద 50 లక్షలకి కేసు వేద్దామనుకుంటున్నా. మా బంధువు ఒకాయన డాక్టర్, అమ్మకి అప్పుడు ఆరోగ్యం దెబ్బతిందని సర్టిఫికెట్ ఇస్తానన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీరు రాసింది నాలుగు పేజీలు, అందులో మూడున్నర అమ్మగారి గురించి. వినియోగదారుల కమిషన్ ముందు ఆ మూడున్నర పేజీలూ మూడు లైన్లకి వస్తాయి. మీ కేసు ఎటు పోతుందో తేల్చే విషయం మాత్రం మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ మెనూ మారింది ఎప్పుడు? మీరు ఏజెన్సీకి డబ్బు కట్టక ముందా, కట్టిన తర్వాతా?

ఎందుకంటే, కట్టక ముందే మారిపోయి ఉంటే, ఆ పీడీఎఫ్‌లో గ్యారంటీ అన్న మాట రాసిన రోజే అబద్ధం. లేని సర్వీసు ఉందని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019లో అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది, ఏజెన్సీ వాడికి తెలిసి రాశాడా తెలియక రాశాడా అన్నది పెద్దగా పనికిరాదు, కనుక్కోకుండా గ్యారంటీ ఎలా రాశావు అని అడుగుతారు. కట్టిన తర్వాత మారి ఉంటే మాత్రం వాడు నా చేతిలో లేదండీ అని చేతులెత్తేస్తాడు, అప్పుడు మీరు వాడికి ఆ సంగతి ఓడ బయల్దేరక ముందే తెలుసని, తెలిసీ మీకు చెప్పలేదని చూపించాలి. కేసు పూర్తిగా పోదు గానీ సగానికి సగం బలం తగ్గిపోతుంది.

ఇప్పుడు మీరు పళ్ళు నూరుతున్న ఓడ కంపెనీ సంగతి. ప్రయాణ ఒప్పందం మీరు చదవలేదు, ఎవరూ చదవరు, ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో టిక్ కొట్టేస్తాం. మీరు పంపిన కాపీలో ఉంది చూడండి, భోజనం, డైనింగ్ హాళ్ళు, టైమింగులు ముందు చెప్పకుండా మార్చే హక్కు కంపెనీది, ప్రత్యేక ఆహారం విషయంలో వీలైనంత ప్రయత్నం చేస్తాం అంతే, హామీ లేదు. దాదాపు అన్ని క్రూజ్ కంపెనీలూ ఇలాగే రాసుకుంటాయి. పైగా మెనూలు మారడం ఈమధ్య మామూలైపోయింది. 2023 మొదట్లో రాయల్ కరీబియన్ (మీది ఆ కంపెనీ కాదు, ఉదాహరణకి చెప్తున్నా) మెయిన్ డైనింగ్ రూమ్ మెనూలు తిరగరాసి రాత్రికో థీమ్ పెట్టింది, అంతకుముందు ప్రతిరోజూ దొరికే ఐటమ్స్‌లో చాలా తీసేసింది. కార్నివాల్ వాళ్ళు అదే డైనింగ్ రూమ్‌లో మూడో మెయిన్ డిష్ అడిగితే 5 డాలర్లు వేయడం మొదలెట్టారు. జాబితా చిన్నదైతే వంటగదిలో పని తగ్గుద్ది, వేస్ట్ తగ్గుద్ది, వడ్డన త్వరగా అవుద్ది, ఖర్చు కలిసొస్తుంది. మనకి నచ్చకపోవచ్చు, చట్టవిరుద్ధం మాత్రం కాదు.

ఆ షరతు ఏకపక్షమైనది, చెల్లదు అని వాదించొచ్చు కదా అంటారేమో. అన్యాయమైన ఒప్పందం అనే ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి. మెనూ మార్చుకునే హక్కు అన్యాయం అని అక్కడ ఒప్పించడం కష్టం, పై అంతస్తు బఫేలో అన్నం, పప్పు, ఇండియన్ కౌంటర్ ఉందని మీరే మీ ఉత్తరం చివర్లో రాశారు కూడా. (ఆ మాట ఫిర్యాదులో దాచొద్దు. దాచితే మొదటి వాయిదాకే బయటపడుద్ది, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా నమ్మరు. "బఫేలో తిండి ఉంది, కానీ ఉల్లి వెల్లుల్లి లేనిది కాదు, మాకు అమ్మింది డైనింగ్ రూమ్ డిన్నర్" అని మీరే ముందు రాయండి.)

కాబట్టి మొదటి ప్రతివాది ఏజెన్సీ. గ్యారంటీ రాసింది వాడు, డబ్బు తీసుకున్నది వాడు. రెండో ప్రతివాదిగా ఓడ కంపెనీ ఇండియా ఆఫీసుని పెట్టండి, డబ్బు రాబట్టడానికి కాదు, మెనూ ఏ తేదీన మారింది, ఏజెంట్లకి ఎప్పుడు చెప్పారు అన్న రికార్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది, కమిషన్ ద్వారా అడిగించొచ్చు. విదేశీ హెడ్డాఫీసు అడ్రస్ మాత్రం ఇవ్వకండి, నోటీసు అందించడానికే ఏడాది పోద్ది.

ఇక లిమిటేషన్, అంటే కేసు వేయడానికి ఉన్న గడువు. ఇక్కడ మిమ్మల్ని కేకలేయక తప్పదు. ఏజెన్సీ వాడు చూస్తాం అంటే ఇరవై మూడు నెలలు చూశారా మాస్టారూ? పిల్లలకి హోంవర్క్ రేపు తెస్తాననే అవకాశం మీరు ఎన్నిసార్లు ఇచ్చేవాళ్ళు? వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళు, అది మొదలయ్యేది మీకు ఆ భోజనం దొరకని రోజు నుంచి, ఏజెన్సీ వాడి ఆఖరి మెసేజ్ నుంచి కాదు. మధ్యలో ఎన్ని మెయిళ్ళు నడిచినా, లాయర్ నోటీసు ఇచ్చినా, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టినా గడియారం ఆగదు. మొదటి రాత్రి 2024 మే 20 కాబట్టి ఆ లెక్కనే పట్టుకుని 2026 మే 20 లోపు ఫైల్ అయిపోవాలి. దిగిన రోజు 24 నుంచి లెక్కేసి, అది ఆదివారం పడింది, సోమవారం వేయొచ్చు అని ఎవరైనా చెప్తే వినకండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది, తగిన కారణం చూపాలి, ఏజెంట్ తిప్పించాడు అన్నది తగిన కారణం అనిపించుకోవడం కష్టం.

ఏజెన్సీ వాడు మిమ్మల్ని భయపెట్టిన ఇంకో ముక్క, టికెట్ మీద ఆరు నెలల్లోపే కేసు వేయాలని ఉంది, మీ టైమ్ ఎప్పుడో అయిపోయింది అని. అది ఓడ కంపెనీకి మీకు మధ్య షరతు, ఏజెన్సీకి దాంతో పని లేదు. ఒప్పందాల చట్టం సెక్షన్ 28, 1997 సవరణ తర్వాత, హక్కు అడిగే గడువుని ఒప్పందంతో కుదించడం చెల్లదంటుంది. అక్కడే సింగపూర్ కోర్టుల్లోనే వేసుకోవాలి అని కూడా ఉంది కదా, దానికీ బెదరక్కర్లేదు, ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోట ఫిర్యాదు వేయొచ్చని 2019 చట్టం చెప్తోంది. మీకు గుంటూరు జిల్లా కమిషన్.

సాక్ష్యం. మీ పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశారు, ఏజెంట్‌తో చాట్ అందులో పోయింది, బ్యాకప్ లేదు. లక్షల ఖర్చుకి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని షాపులో ఇచ్చి కొత్త ఫోన్ తెచ్చుకున్నారన్నమాట. అయినా పూర్తిగా మునగలేదు. అది మీ కుటుంబం గ్రూపు అని, అందులో ఏజెంట్‌ని కూడా యాడ్ చేశారని రాశారు, అంటే ఆ చాట్ మీ బావమరిది ఫోన్లో, మీ అమ్మాయి ఫోన్లో ఉంటుంది. బావమరిది పంపించిన ఒక స్క్రీన్‌షాట్ మీ కాగితాల్లో అడుగున కనిపించింది, మే 20 రాత్రి మీరు "మెనూ మార్చేశారంట ఏంటండీ" అని అడిగితే ఏజెంట్ రాసిన జవాబు: "సార్ షిప్ వాళ్ళు ఈమధ్యే మార్చారు, మాకూ తెలీలేదు."

ఈ ఒక్క లైను మీ నాలుగు పేజీలకంటే విలువైంది. మెనూ మారిందని ఒప్పుకున్నాడు, కనుక్కోకుండానే గ్యారంటీ రాశానని వాడే చెప్పుకున్నాడు. "ఈమధ్యే" అంటే ఎప్పుడన్నది తేలాలి, అందుకే మొదట్లో ఆ తేదీ అడిగింది. మీరు డబ్బు కట్టింది మార్చి 11న, ఓడ కంపెనీ ఇండియా ఆఫీసుకి ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి, ఫలానా ఓడలో డైనింగ్ రూమ్ మెనూ ఏ తేదీ నుంచి మార్చారు అని, గొడవ మాట ఎత్తకుండా, రెండు లైన్లలో. కొన్నిసార్లు కస్టమర్ కేర్ వాళ్ళే అమాయకంగా రాసిచ్చేస్తారు.

స్క్రీన్‌షాట్ ఒక్కటి పెట్టి ఊరుకోవద్దు. బావమరిది ఫోన్ నుంచి చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించండి, ఆయన అఫిడవిట్ ఇవ్వాలి, భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చింది) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి, దానిలో ఫోన్ యజమాని నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి ఉంటాయి. వినియోగదారుల కమిషన్ సాక్ష్యం రూల్స్ మరీ పట్టుకుని కూర్చోదు, కానీ అవతలి లాయర్ పట్టుకుంటాడు. అమ్మాయి ఆ రాత్రి టేబుల్ మీది మెనూ కార్డు ఫోటో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టిందన్నారు, స్టోరీ ఆర్కైవ్‌లో తేదీతో సహా ఉంటుంది చూడమనండి. మూడో రాత్రి విసుగెత్తి డబ్బు కట్టే రెస్టారెంట్‌లో తిన్నారు కదా, ఆఖరి రోజు క్యాబిన్ బిల్లులో అది పడి ఉంటుంది, ఆ కాగితం వెతకండి. మీ నష్టంలో అంకెల్లో చూపించగలిగేది అదొక్కటే.

కొటేషన్ పీడీఎఫ్ మీద వాడి వాదన ఇలా ఉంటుంది: అది అంచనా మాత్రమే, ఫైనల్ వౌచర్‌లో భోజనం మాట లేదు. అందుకని మీరు డబ్బు పంపిన ట్రాన్స్‌ఫర్ రిమార్క్స్‌లో కొటేషన్ నంబర్ వేశారేమో బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి. వేసి ఉంటే ఆ పీడీఎఫ్ చూసే కట్టారని తేలిపోద్ది. నగదుగా ఇచ్చిన లక్షన్నరకి రసీదు లేదు, అదింకో అజాగ్రత్త, చాట్‌లో "రిసీవ్డ్ సార్" అని ఏమైనా రాశాడేమో చూడండి.

సర్టిఫికెట్ సంగతి. వద్దు. మీ బంధువు ఎంత మంచి డాక్టరైనా సరే, ఇప్పుడు రాసి అప్పటి తేదీ వేసే కాగితం ముట్టుకోవద్దు. ఓడలో మెడికల్ సెంటర్ ఉంటుంది, అక్కడికి ఎవరొచ్చినా ఎంట్రీ పడుద్ది, ఫీజు క్యాబిన్ అకౌంట్‌లో పడుద్ది. అమ్మగారు అక్కడికి వెళ్ళలేదు. దిగాక సింగపూర్‌లో రెండు రోజులు ఊరు తిరిగిన ఫోటోలు మీ ఫేస్‌బుక్‌లోనే ఉన్నాయి. అవతలి వాళ్ళు ఆ రెండూ పక్కపక్కన పెడితే మీ నిజమైన పీడీఎఫ్ కూడా అబద్ధమైపోతుంది. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణ కిందే లెక్క, అక్కడ తప్పుడు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 229 ప్రకారం ఏడేళ్ళ దాకా శిక్ష, జరిమానా. పెన్షన్ తీసుకుంటున్న మనిషికి ఆ గొడవ ఎందుకు, ఆ డాక్టర్ గారి రిజిస్ట్రేషన్ కూడా పోద్ది. ఏజెన్సీ వాడు ఇస్తానన్న 25 వేల ట్రావెల్ వౌచర్ మీద కూడా సంతకం పెట్టకండి, కింద చిన్న అక్షరాల్లో ఇక ఏ క్లెయిమ్ లేదని రాసి ఉంది.

50 లక్షలు మర్చిపోండి. ఏ కమిషన్‌కి వెళ్ళాలన్నది మీరు కట్టిన డబ్బుని బట్టి, అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, ఆ పద్ధతి సరైనదేనని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 6.40 లక్షలకి ఫీజు 200 రూపాయలు. క్రూజ్ ధరలో కొంత భాగం వాపసు, బయట తిన్న బిల్లు, మానసిక వేదనకి ఒక మోస్తరు మొత్తం, కోర్టు ఖర్చులు, నా అంచనా ఇంతవరకే. ఏజెన్సీ వాడు తెలివైనవాడైతే నోటీసు అందగానే మధ్యవర్తిత్వానికి వస్తాడు, వస్తే వినండి.

వినియోగదారుల కమిషన్లకి ఆన్లైన్లో ఫిర్యాదు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే ఫైల్ చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ఏడుగురి తరఫునా మీరొక్కరే వేయొచ్చు, డబ్బు కట్టింది మీరు, మిగతావాళ్ళు ఆ సర్వీసు వాడుకున్నవాళ్ళు కాబట్టి వాళ్ళూ వినియోగదారులే, అందరి దగ్గరా ఒక ఆథరైజేషన్ లెటర్ తీసుకోండి. లీగల్ నోటీసు ఇచ్చి పదిహేను రోజులు ఆగుదాం అని ఎవరైనా అంటే, చట్టం ప్రకారం అది అవసరం లేదు, మీకు ఆగే టైమూ లేదు. మే మొదటి వారం దాటనివ్వకండి, సెలవుల సీజన్‌లో పోర్టల్ స్క్రూటినీలో లోపాలు చూపి వెనక్కి పంపితే దిద్దడానికి రోజులు చాలవు. బావమరిదికి మాత్రం ఇవాళే ఫోన్ చేసి ఆ ఫోన్ మార్చొద్దని చెప్పండి.