యూరాలజీ డాక్టర్‌కి హెచ్-ఇండెక్స్ ఎక్కువుంటే మంచి సర్జన్ అన్నట్టేనా?

కాదండీ, ఆ రెండూ వేరు. హెచ్-ఇండెక్స్ 20 అంటే ఆయన రీసెర్చ్ పేపర్లలో 20 పేపర్లకి ఒక్కోదానికి కనీసం 20 సైటేషన్లు (అంటే వేరేవాళ్ల పేపర్లలో దాని ప్రస్తావన) వచ్చాయని, అంతే. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క ఇది, చెయ్యి ఎంత నైపుణ్యంగా పనిచేస్తుందో అందులో కనపడదు.

అసలు యూరాలజీలో సైటేషన్లు ఎక్కడ పడతాయో చూడండి, 1992లో అమెరికాలో బ్యారీ అనే డాక్టర్ టీమ్ ప్రోస్టేట్ పేషెంట్ల కోసం ఏడు ప్రశ్నల స్కోర్ తయారుచేసింది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార సన్నగా వస్తోందా లాంటివి, దానికే ఇంకో ప్రశ్న కలిపి ఇప్పుడు మన దగ్గర కూడా ఐపీఎస్ఎస్ అని వాడుతున్నారు, ఆ స్కోర్ వాడిన స్టడీలన్నీ మామూలుగా ఆ పేపర్‌నే చూపిస్తాయి కాబట్టి సైటేషన్లు వేలల్లో ఉంటాయి. నిజంగా గొప్ప పని అది, కోట్లమందికి ఉపయోగపడింది, కానీ ఆపరేషన్ థియేటర్‌తో సంబంధం లేదు. గైడ్‌లైన్స్‌లోనో పెద్ద ట్రయల్స్‌లోనో పేరున్నా నంబర్ గబగబా పెరుగుతుంది.

ఇంకోటి, ఈ సైటేషన్లు చూపించే గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ అవీ కూడా లెక్కేస్తుంది, అందుకే అక్కడి నంబర్ స్కోపస్ అనే ఇంకో డేటాబేస్‌లో కంటే సాధారణంగా ఎక్కువుంటది, ఒకళ్లది ఇక్కడా ఇంకొకళ్లది అక్కడా చూసి పోల్చకండి.

సర్జరీ కోసమైతే ఆ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు, కాంప్లికేషన్లు ఏమాత్రం అని డాక్టర్‌గారినే నేరుగా అడగండి.