సైటేషన్లు సరే, ఆలోచన ఎటు వెళ్లింది?

తమ్ముడికి ఆశీస్సులు.

అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, కనిపిస్తోంది. కానీ మొదటి రెండు పేజీలు పెళ్లి సంబంధానికి పంపే బయోడేటాలా ఉన్నాయి. 1919లో బ్రూక్లిన్‌లో పుట్టాడు, అయోవాలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ దగ్గర చదివాడు, 1954లో సామాజిక పోలిక మీద పత్రం, 1957లో కాగ్నిటివ్ డిసొనెన్స్ (మన నమ్మకాలు, పనులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు మనసులో కలిగే ఇబ్బంది) పుస్తకం, ఆ తర్వాత వేలకొద్దీ సైటేషన్లు, అంటే ఇతరుల పత్రాల్లో ఆయన ప్రస్తావనలు. అన్నీ నిజాలే. ఇన్ని చదివినా సామాజిక మనస్తత్వ శాస్త్రంలో ఆయన ఏం మార్చాడో నాకు తెలియలేదు. 2002లో హాగ్‌బ్లూమ్ బృందం 20వ శతాబ్దపు మనస్తత్వవేత్తలకు ర్యాంకులిస్తే స్కిన్నర్, పియాజే, ఫ్రాయిడ్, బందూరాల తర్వాత ఐదో పేరు ఫెస్టింజర్‌దే. దానికి ఒక్క వాక్యం చాలు, నువ్వు పేరా ఇచ్చావు.

ఒక్క ఆలోచనను పట్టుకో. అది ఎక్కడ మొదలైంది, ఎవరి చేతుల్లో పడింది, ఎక్కడ దెబ్బ తింది అని వెంబడిస్తూ రాయి. దానికి కావలసిన సరుకు నీ దగ్గరే ఉంది, ఫుట్‌నోట్‌లో పడేశావు.

1934 జనవరిలో బిహార్, నేపాల్‌లను కుదిపేసిన భూకంపం తర్వాత వచ్చిన పుకార్ల మీద జమునా ప్రసాద్ 1935లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో రాశారు. భూమి కంపించడం తెలిసినా పెద్దగా నష్టం జరగని చోట, ఇంతకు మించిన ఉపద్రవం రాబోతోందని జనం చెప్పుకున్నారు. 1950ల మొదట్లో ఫెస్టింజర్‌కు ఇది చిక్కు ప్రశ్న అయింది. ఉన్న భయాన్ని ఇంకా పెంచే మాటను మనిషి ఎందుకు నమ్ముతాడు? భయం అప్పటికే లోపల ఉంది, దానికి తగిన కారణం మాత్రం కళ్లెదుట లేదు, ఆ కారణాన్ని పుకారు అందించింది అని ఆయనకు తోచింది. దుర్గానంద్ సిన్హా 1952లో ప్రచురించిన డార్జిలింగ్ కొండచరియల అధ్యయనాన్ని దీని పక్కన పెట్టి చూశాడు. విధ్వంసం కళ్లారా చూసిన ఆ జనంలో అలాంటి పుకార్లు లేవు.

ప్రసాద్ గారి సైటేషన్లను ఫెస్టింజర్ సైటేషన్లతో పోలిస్తే లెక్కలోకే రావు. అయినా కాగ్నిటివ్ డిసొనెన్స్ కథకు మొదలు ఆయన పత్రమే. గూగుల్ స్కాలర్ చూపించే అంకెల్లో ఇది దొరకదు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

తర్వాత 1959 ప్రయోగం. జేమ్స్ కార్ల్‌స్మిత్‌తో కలిసి, స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత గంటసేపు విసుగు పుట్టించే పని చేయించారు. అది భలే సరదాగా ఉందని తర్వాత వచ్చే అమ్మాయికి చెప్పడానికి కొందరికి ఒక డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చివర్లో ఆ పని ఎంత బాగుందో అడిగితే, ఒక డాలరు వాళ్ల సగటు ప్లస్ 1.35, 20 డాలర్ల వాళ్లది మైనస్ 0.05. ఎక్కువ ముట్టినవాడికి అబద్ధానికి కారణం జేబులోనే ఉంది, తక్కువ ముట్టినవాడు తన అభిప్రాయాన్నే మార్చుకోవాల్సి వచ్చింది. ఇది బాగానే రాశావు. కానీ 71 మందిలో 11 మంది లెక్కలు పక్కన పెట్టేశారన్నది వదిలేశావు. వాళ్లలో కొందరు అసలు ఉద్దేశాన్ని అనుమానించారు, కొందరు డబ్బే వద్దన్నారు. పాఠకుడికి ఇది చెప్పాలి.

పొగడ్త రాసే చేయి విమర్శ దగ్గర వణుకుతుంది, నీ వ్యాసంలో అదే జరిగింది. 2024లో పలు దేశాల ల్యాబ్‌లు కలిసి, మనుషుల చేత వాళ్ల సొంత అభిప్రాయానికి ఎదురుగా వ్యాసం రాయించే పద్ధతిని మళ్లీ పరీక్షించాయి. రాసినవాళ్ల అభిప్రాయాలు కొంత మారాయి. కానీ ‘మీ ఇష్టం’ అని చెప్పినవాళ్లకూ, రాసి తీరాలన్నవాళ్లకూ మధ్య సిద్ధాంతం ఆశించిన తేడా (ఇష్టపడి రాసినవాళ్లే ఎక్కువ మారాలన్నది) రాలేదు. దీనివల్ల ఫెస్టింజర్ చిన్నబోడు. 65 ఏళ్ల తర్వాత కూడా అన్ని ల్యాబ్‌లు కూర్చుని పరీక్షించాయంటే ప్రభావం అంటే అదే కదా!

అన్నట్టు, పేరు తెచ్చిన రంగాన్నే వదిలి ఆయన 1960ల్లో చూపు, కంటి కదలికల పరిశోధనకు, తర్వాత పురావస్తు ప్రశ్నలకు మళ్లాడు. దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశావు, పెంచు. ఎందుకు వదిలాడో మాత్రం ఊహించి రాయకు.

పుట్టిన తేదీ, డిగ్రీలు, ర్యాంకు అన్నీ కలిపి మూడు వాక్యాలకు కుదించి, భూకంపంతో మొదలుపెట్టి మళ్లీ పంపు. టెన్షన్ పడకు, తొందరేమీ లేదు.

నీ అన్నయ్య