ఒకే చీటీకి మూడు రేట్లా?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, వయసు 51. చూపు చీటీలో దూరానికి ప్లస్ 1, దగ్గరికి అడిషన్ 2 అని రాశారు. కంటి వెలుగులో ఇచ్చిన అద్దాలతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు లెడ్జరు, కంప్యూటరు, కిటికీ అవతల వేబ్రిడ్జి మీద లారీ నంబరు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి చూడాలంటే అద్దాలు తీయడం, పెట్టుకోవడంతోనే సరిపోతోంది. ప్రోగ్రెసివ్ అద్దాలు అడిగితే ఇక్కడ 4,000, నల్లగొండలో 11,000, హైదరాబాద్‌లో 26,000 చెప్పారు. ఎందుకింత తేడా? తక్కువవి కొంటే కళ్లు పాడవుతాయా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి, తక్కువ రేటు అద్దాలతో కళ్లు పాడవవు. పనికి సరిపోకపోతే తలనొప్పి, మెడనొప్పి వస్తాయి, చివరికి అవి డ్రాయరులో పడి ఉంటాయి, అంతే.

ప్రోగ్రెసివ్‌లో పైభాగం దూరానికి, అడుగుభాగం పుస్తకానికి, ఆ రెంటి మధ్యనున్న సన్నటి దారి కంప్యూటరుకి. గీత లేకుండా పవర్ మెల్లగా పెరుగుతుంది కాబట్టి రెండు పక్కలా మసక తప్పదు, ఏ కంపెనీ అయినా దాన్ని కాస్త అటూ ఇటూ సర్దగలదు గానీ పూర్తిగా తీసేయలేదు, పైగా అడిషన్, అంటే దగ్గరి చూపుకి అదనంగా కలిపే పవర్, ఎక్కువైన కొద్దీ ఆ మసక పెరుగుతుంది. రేటులో పెద్ద తేడా ఇక్కడే వస్తుంది. చౌక రకంలో ముందువైపు డిజైన్ అచ్చుపోసి ఉంటుంది, వెనకవైపు మీ పవర్ అరగదీస్తారు. ఖరీదైన ఫ్రీఫామ్‌లో మీ చీటీని బట్టి కంప్యూటర్ మెషీన్ అద్దం వంపును చెక్కుతుంది, మంచి డిజైన్ అయితే మధ్య దారి కాస్త వెడల్పుగా దొరుకుతుంది. మీకు రోజంతా స్క్రీన్ పని ఉంది కనుక డబ్బు పెట్టాల్సింది దీనికే.

1.67, 1.74 అని చెప్పే పలచటి అద్దాలు (ఆ అంకెలు పవర్ కాదు, అద్దం రకానివి) పవర్ నాలుగైదు పాయింట్లు దాటినవాళ్లకు. మీకు అవసరం లేదు. స్క్రీన్ నీలి వెలుతురును తగ్గించే బ్లూకట్ కూడా వద్దంటాను, కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసట దానితో తగ్గే అవకాశం తక్కువని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023 సమీక్షలో తేల్చింది. యాంటీగ్లేర్ మాత్రం వేయించండి, రాత్రి ఎదురుగా లారీ లైట్లు పడినప్పుడు దాని విలువ తెలుస్తుంది. గీతలు పడని కోటింగ్ కూడా కావాలి, మిల్లులో ఊక దుమ్ము ఉంటుంది కదా. ఏ కోటింగ్ వేయించినా ఆ దుమ్మును కండువాతో పొడిగా తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్లతో కడగండి.

కొలతల గురించి చాలామంది అడగనే అడగరు, నాకు బాధగా ఉండేది దాని గురించే. ఫ్రేము మీ ముఖం మీద సరిగ్గా బిగించాక, కంటిపాప మధ్య ఎక్కడుందో ఒక్కో కంటికి విడిగా గుర్తు పెట్టాలి. రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా 26,000 అద్దం కూడా 4,000 దానికంటే అధ్వానంగా పనిచేస్తుంది. ఫ్రేము అద్దం ఎత్తు కూడా కనీసం 30 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి, పొట్టి ఫ్రేములో చదివే భాగం తెగిపోతుంది.

నేనైతే ఆ నల్లగొండ షాపుకే మళ్లీ వెళ్లి, 11,000లో అద్దానికెంత, కోటింగ్‌కెంత, ఫ్రేముకెంత అని విడివిడిగా రాయించుకుంటాను. దృష్టి అద్దాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అదీ చూడండి. అలవాటు పడకపోతే ఎన్ని రోజుల్లోపు మార్చి ఇస్తారో బిల్లు మీదే రాయమనండి. మొదటి వారం రెండు వారాలు మెట్లు దిగేటప్పుడు తల వంచి చూడండి, నేల తేలినట్టు అనిపిస్తుంది. అద్దాలు చేతికొచ్చాక వెలుతురుకి వాలుగా పట్టుకుంటే సన్నటి చెక్కుడు గుర్తులు కనిపిస్తాయి, అందులో కంపెనీ గుర్తు, మీ అడిషన్ ఉంటాయి. 20 అని ఉంటే అది మీ అడిషన్ 2. అది లేకపోతే షాపు దిగకుండానే అడగండి.