క్యాట్ బాలూ సగంలో ఆపేశారా? ఇంకాస్త చూడండి

క్యాట్ బాలూ సినిమా పావుగంట చూసి బోర్ కొట్టి ఆపేశానన్నారు, మళ్ళీ పెట్టడం దండగా అని అడిగారు. దండగ కాదండీ, మీరు ఆపింది అసలు మనిషి రాకముందే. 1965 నాటి ఈ వెస్టర్న్ కామెడీకి ప్రాణం నటుడు లీ మార్విన్, ఆయనేమో చాలా ఆలస్యంగా వస్తాడు. అక్కడి నుంచి కళ్ళు తిప్పుకోలేరు. కథానాయిక క్యాట్ తండ్రి శవపేటిక పక్కన వెలిగించిన కొవ్వొత్తులు చూసి తాగిన మైకంలో పుట్టినరోజు పాట అందుకుని ఊదేస్తాడు చూడండి, నవ్వొస్తుంది, అంతలోనే అయ్యో అనిపిస్తుంది. లోహపు ముక్కు పెట్టుకున్న విలన్ కూడా ఆయనే. ఈ డబుల్ రోల్‌కే ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది.

లోపాలు లేవనను. గాయకులు నాట్ కింగ్ కోల్, స్టబీ కే మాటిమాటికీ వచ్చి కథను పాటగా చెప్పడం నాకు భలే ఇష్టం, మీకు అడ్డంగా అనిపించొచ్చు, కానీ కోల్ సినిమా విడుదలకు ముందే చనిపోయారని తెలిశాక ఆ పాటలు దాటెయ్యబుద్ధి కాదు. అమెరికా ఆదివాసీ సూ తెగ యువకుడి పాత్రను ఆ జాతివాడు కాని నటుడికి ఇవ్వడం మాత్రం ఇప్పుడు గట్టిగానే గుచ్చుకుంటుంది. రైలు దోపిడీ ముందు కాస్త సాగదీత కూడా ఉంది.

ఆపిన చోటి నుంచే పెట్టండి, మొదటి నుంచి అక్కర్లేదు.