డౌన్‌లోడ్ చేసిన పాట ఎందుకు సాగుతోంది?

ప్రశ్న: బ్రౌజర్‌లోనే పాటను కత్తిరించి వేవ్ ఫైల్‌గా దించుకునే పేజీ తయారు చేస్తున్నాను. అసలు ఫైలు 44,100 హెర్ట్జ్. నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. మా తమ్ముడి కంప్యూటర్‌లో దించుకున్న ఫైలు మాత్రం నెమ్మదిగా సాగుతోంది, గొంతు బొంగురుగా వస్తోంది. కోడ్ ఒకటే కదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కోడ్ ఒకటే, సౌండ్ కార్డులు వేరు. రేటు (సెకనుకు ఎన్ని శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) మనం చెప్పకపోతే, బ్రౌజర్‌లో శబ్దాన్ని నడిపే ఆడియోకాంటెక్స్ట్ అవుట్‌పుట్ పరికరం రేటునే తీసుకుంటుంది. మీ తమ్ముడి దగ్గర అది 48,000 అయి ఉండాలి. డీకోడ్‌ఆడియోడేటా అనే ఫంక్షన్ ఫైలును విప్పి ఊరుకోదు, శాంపిళ్లను కాంటెక్స్ట్ రేటుకు మార్చి మరీ ఇస్తుంది. అందుకే పది సెకన్లకు 4,41,000 శాంపిళ్లకు బదులు 4,80,000 వస్తాయి. మీ కోడ్ హెడర్‌లో (వేవ్ ఫైలు మొదట్లో దాని వివరాలుండే భాగంలో) 44,100 అనే రాస్తున్నట్టుంది. ప్లేయర్ హెడర్‌నే నమ్ముతుంది కాబట్టి పది సెకన్ల పాట 10.88 సెకన్లవుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది.

ఫైలులోని బైట్లను నేరుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో ఆ ఫైలు తెరిచి, సున్నా నుంచి లెక్కపెట్టి 24వ బైటు దగ్గర చూడండి. ‘44 ఎసి 00 00’ ఉంటే 44,100, ‘80 బిబి 00 00’ ఉంటే 48,000. ఇక్కడ ఎప్పుడూ డీకోడ్ చేశాక చేతికొచ్చే బఫర్‌కున్న శాంపిల్‌రేట్‌నే రాయాలి. 28వ బైటు దగ్గరి బైట్ రేటు (సెకనుకు ఎన్ని బైట్లు) కూడా మారాలి, చాలామంది దీన్ని మరిచిపోతారు. 16 బిట్ల స్టీరియోకు 48,000 దగ్గర అది 1,92,000.

పాటను కత్తిరించడమే పని అయితే రేటు మార్చకపోవడమే మంచిది. 44,100 రేటుతో, సౌండ్ కార్డుతో పని లేని ఆఫ్‌లైన్‌ఆడియోకాంటెక్స్ట్ తయారు చేసి అందులో డీకోడ్ చేయండి, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకే ఫలితం వస్తుంది. అసలు ఫైలు రేటెంతో డీకోడ్ అయ్యాక బఫర్ చెప్పదు, దాన్ని ముందే హెడర్‌లోంచి చదవాలి. డీకోడ్‌కు ఇచ్చిన అర్రేబఫర్ (అసలు ఫైలు బైట్లున్నది) ఆ తర్వాత ఖాళీ అయిపోతుంది. మళ్లీ కావాలంటే ముందే స్లైస్‌తో నకలు తీసుకోండి.

ప్రశ్న: మాటలను గుర్తించే మోడల్‌కు 16,000 హెర్ట్జ్ కావాలి. 48,000 నుంచి ప్రతి మూడో శాంపిల్‌ను ఏరుకుంటున్నాను. ‘స’, ‘ష’ గరగరలాడుతున్నాయి.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: 16,000 రేటులో 8,000 హెర్ట్జ్ దాకానే శబ్దం పడుతుంది. ఆపై ఉన్నదాన్ని ముందే వడకట్టకుండా ఏరితే అది వెనక్కి మడతపడి కిందికొస్తుంది. ‘స’లోని 10,000 హెర్ట్జ్ శబ్దం 6,000 దగ్గర తేలుతుంది. ఒకసారి కలిశాక దాన్ని విడదీయలేం. ఫైలైతే 16,000 రేటున్న ఆఫ్‌లైన్‌ఆడియోకాంటెక్స్ట్‌లోనే డీకోడ్ చేయండి, వడకట్టే పని బ్రౌజర్ చూసుకుంటుంది. స్టీరియో ఫైలు అప్పుడు కూడా స్టీరియోగానే వస్తుంది. రెండు చానళ్ల సగటు తీసి మోడల్‌కివ్వండి.