పెళ్లి చేసుకోని తల్లిదండ్రులకు జాయింట్ కస్టడీ ఎలా వస్తుంది?

మీరిద్దరూ పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండి, ఇప్పుడు వేరయ్యారు. పాపకి రెండేళ్లు. పెద్ద గొడవలేం లేవు, పాప ఇద్దరి దగ్గరా పెరగాలనే ఇద్దరికీ ఉంది. 'మేమిద్దరం అనుకుంటే చాలదా, కోర్టు దాకా ఎందుకు' అని అడిగారు.

చాలదండీ. నేనూ చాలనుకునే రెండేళ్లు గడిపాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా బాబుకి మూడేళ్లప్పుడు మేం విడిపోయాం. మాకూ పెళ్లి కాలేదు. వారంలో నాలుగు రోజులు నా దగ్గర, మూడు రోజులు వాళ్ల నాన్న దగ్గర అని నోటిమాటగా అనుకున్నాం. బాగానే నడిచింది. ఒకరోజు రాత్రి అతని దగ్గర ఉండగా బాబు మంచం మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. నేను వేరే ఊళ్లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఆపరేషన్‌కి ముందు ఫారం మీద సంతకం అడిగారు. అతను పెన్ను అందుకుంటుంటే 'మీరు బాబుకి ఏమవుతారు' అన్నారు. నాన్ననన్నాడు. కాగితం చూపించమన్నారు. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండాల్సిన గడి ఖాళీ. తర్వాత రాయిద్దాంలే అని ఆ గడి వదిలేసింది నేనే. నేను ఫోన్ ఎత్తేసరికి రెండు గంటలు దాటింది. అంతసేపూ వాడు నాన్న ఒళ్లో ఏడుస్తూనే ఉన్నాడట. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే అన్నిటికంటే ముందు, అతను పాపకి తండ్రని చట్టం లెక్కలో తేలాలి. పెళ్లయిన వాళ్లకి పుట్టిన బిడ్డకి భర్తే తండ్రని చట్టం మామూలుగా తనంతట తానే అనుకుంటుంది. పెళ్లి లేనిచోట అలా అనుకోదు. చాలా చోట్ల మొదట హక్కంతా తల్లిదే. భారతదేశంలో హిందువులకి వర్తించే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ చూస్తే, పెళ్లి కాని వాళ్ల బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లి, ఆమె తర్వాతే తండ్రి. ఇంగ్లండ్‌లో 2003 డిసెంబర్ 1 తర్వాత నమోదైన పుట్టుకల్లో తండ్రి పేరు ఉంటే అతనికీ తల్లిదండ్రుల బాధ్యత, అంటే బిడ్డ విషయంలో నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధమైన హక్కూ బాధ్యతా వస్తాయి, లేకపోతే ఒప్పందమో కోర్టు ఉత్తర్వో కావాలి. జర్మనీలో ఇద్దరూ బాలల సంక్షేమ కార్యాలయంలోనో నోటరీ దగ్గరో ఉమ్మడి సంరక్షణ ప్రకటన చేయొచ్చు, బిడ్డ పుట్టకముందే కూడా. అమెరికాలో తండ్రినని ఒప్పుకునే ఫారం ఆసుపత్రిలోనే ఇస్తారు. సంతకం చేశాక 60 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ ఫారంతో తండ్రెవరో తేలుతుంది గానీ, చాలా రాష్ట్రాల్లో కస్టడీ దానంతట అది రాదు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. తండ్రిగా పేరు ఉండటం, కస్టడీ ఉండటం ఒకటి కాదు.

జాయింట్ కస్టడీ అన్న మాటలోనూ రెండు సంగతులున్నాయి. చదువు, వైద్యం, పాస్‌పోర్టు లాంటి పెద్ద నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవడం ఒకటి. పిల్ల ఇద్దరి ఇళ్లలోనూ ఉండటం ఇంకొకటి. మొదటిది చెరిసగం ఉన్నా, రెండోది రోజుల లెక్కన సమానంగా ఉండక్కర్లేదు. రెండేళ్ల పాప విషయంలో రోజుల సంఖ్య కోసం పట్టుబట్టొద్దని నా మనవి. ఆ వయసులో వారం రోజులు అమ్మ కనపడకపోయినా, నాన్న కనపడకపోయినా చాలా ఎక్కువ. కొద్దిసేపైనా సరే, తరచుగా కలవడం మంచిది.

ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి మీ పని సగం తేలికే. పెంపకం ఒప్పందం రాసుకుని, సంతకాలు పెట్టి, పాప మామూలుగా ఉండే చోటి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసి, దాన్నే ఉత్తర్వుగా ఇమ్మని అడగాలి. భారతదేశంలో అయితే ఇది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నడుస్తుంది. అక్కడ జాయింట్ కస్టడీకి విడిగా చట్టం లేదు. 2015లో చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ తన 257వ నివేదికలో దాన్ని చట్టంలో పెట్టమని సిఫార్సు చేసింది. చట్టం రాకపోయినా తల్లిదండ్రుల మధ్య ఒప్పందం ఉంటే కోర్టులు అలాంటి ఉత్తర్వులు ఇస్తూనే ఉన్నాయి. ఎక్కడైనా జడ్జి ముందుగా చూసేది మీ హక్కుల్ని కాదు, బిడ్డ మేలు. ఒకరు కాదంటే మాత్రం మీడియేషన్ (మధ్యవర్తి ముందు రాజీ ప్రయత్నం), అవసరమైతే డీఎన్ఏ పరీక్ష, విచారణ, ఇలా నెలలు పడుతుంది.

ఒప్పందం రాసేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. మా మొదటి కాగితంలో 'ఆదివారం సాయంత్రం బాబుని అప్పగించాలి' అని ఉండేది. నా లెక్కలో సాయంత్రం అంటే అయిదు, అతని లెక్కలో ఎనిమిది. మూడు ఆదివారాలు వరసగా గుమ్మం దగ్గర మాటా మాటా అనుకున్నాం, బాబు చెప్పులు వేసుకుని మధ్యలో నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. తర్వాత 'ఆరు గంటలకి, అరగంట ఆలస్యమైతే మెసేజ్ పెట్టాలి' అని మార్చాం. ఆ గొడవ అంతటితో పోయింది. వాడికి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ ఒక ఇంట్లో మరిచిపోయి ఇంకో ఇంటికి వెళ్లాడు ఒకసారి. అందుకని రెండిళ్లలోనూ ఒక్కొక్కటి ఉండాలని అదీ రాశాం. పండగలు, సెలవులు, పాపకి జ్వరం వస్తే ఎవరు సెలవు పెట్టాలి, ఒకరు ఊరు మారాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఇద్దరికీ పొసగకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఇవన్నీ రాయండి. ఖర్చులు కూడా. కస్టడీ ఉమ్మడి అయినంత మాత్రాన పోషణ ఖర్చు బాధ్యత రద్దు కాదు.

మీరు తల్లి అయితే ఒక మాట. సంతకం పెట్టే ముందు రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చట్టం నాకొక్కదానికే ఇచ్చిన హక్కులో సగం నేనే వదులుకుంటున్నానా అని ఒకటే టెన్షన్. ఆ ఆసుపత్రి రాత్రి గుర్తు తెచ్చుకునే పెట్టాను. కానీ అవతలి మనిషి మిమ్మల్ని కొట్టినా, బెదిరించినా, పిల్లని ఎత్తుకుపోతానని ఎప్పుడైనా అన్నా ఈ సలహా మీకు వర్తించదు. ముందు లాయర్‌ని కలిసి రక్షణ ఉత్తర్వు సంగతి చూడండి. ఒప్పందం ఊసు తర్వాత.

మీ పాప జనన ధ్రువపత్రం ఈ రోజే తీసి తండ్రి గడి చూడండి. ఖాళీగా ఉంటే, ఆ పేరు చేర్చాలంటే ఇద్దరూ కలిసి ఏ కాగితాలు ఇవ్వాలో రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని, ఆ తర్వాతే లాయర్ దగ్గరికి వెళ్లండి. పేరు ఉంటే మూడు నకళ్లు తీయించుకోండి. పిటిషన్‌కి ఒకటి, చెరో ఇంట్లో ఒకటి.