వాన రోజు ఇంట్లో ఆరేడుగురు పిల్లలుంటే పెన్నూ పేపర్‌తో ఏం ఆడించొచ్చు?

నన్నడిగితే ముందు రాముడు-సీత చీటీలాటే. ఎంతమంది ఉంటే అన్ని చీటీలు చింపి రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, హనుమంతుడు ఇలా ఒక్కోదాని మీద ఒక్కో పేరు, కింద పాయింట్లు రాయండి, రాముడికి 1000, మిగతావాళ్లకి తగ్గించుకుంటూ, సీతకి సున్నా. మడిచి కలిపి వేస్తే తలా ఒకటి తీసుకుంటారు, రాముడొచ్చినవాడు మాత్రం బయటపడి సీత ఎవరో మొహాలు చూసి కనిపెట్టాలి, తప్పు చెప్తే ఆ 1000 సీతకి పోయి వాడికి సున్నా మిగుల్తుంది. అసలు మజా అంతా సీత వచ్చిన పిల్ల నవ్వు ఆపుకోవడంలోనే ఉంటుంది! చివర్లో టోటల్ పిల్లల చేతే వేయించండి, కూడికలు వాటంతటవే వచ్చేస్తాయి.

కొంచెం పెద్దపిల్లలైతే బుక్ క్రికెట్, ఏదైనా లావుపాటి టెక్స్ట్‌బుక్ చాలు. కళ్లు మూసుకుని పుస్తకం తెరిచి ఎడమ పేజీ నంబర్లో చివరి అంకె చూడాలి, అక్కడెప్పుడూ సరిసంఖ్యే ఉంటుంది కాబట్టి 2, 4, 6 వస్తే అన్ని రన్స్, 0 వస్తే అవుట్, 8కి ఒక రన్నా అసలు లేదా అనేది ముందే తేల్చుకోండి, లేకపోతే గొడవే. రెండు టీములు చేస్తే ఎవరూ ఖాళీగా కూర్చోరు.

పెన్ ఫైట్, అంటే బల్ల మీద మన పెన్నుని వేలితో కొట్టి ఎదుటివాడి పెన్నుని కింద పడేయడం, కూడా బాగుంటుంది గానీ మంచి పెన్నులు మాత్రం ఇవ్వకండి.